వీడియో రికార్డింగు నత్తనడక నడిస్తే



మా పెద్దమ్మగారికి ఎనభై ఆరు సంవత్సరములు. ఆమె చిన్ననాటి సంగతులు ఆమె నోటనే చెప్పించి, విదేశములో ఉన్న మనుమల కొరకు వీడియో తీయవలెనని మేము చాలాకాలముగా అనుకొనుచున్నాము. ఒక శనివారము సాయంత్రము ఆమెను ముందు గదిలో కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్‌కు కెమెరా తగిలించి రికార్డింగు మొదలుపెట్టాము. ఆమె గంటసేపు మాట్లాడారు. తన పెండ్లినాటి ముచ్చట చెప్పారు. పురిటిలోనే పోయిన తొలి బిడ్డను గూర్చి, అంతవరకు మాలో ఎవరికిని చెప్పని మాటలు చెప్పారు.

రాత్రి ఆ వీడియో వేసి చూడగా మా ప్రాణము ఉసూరుమన్నది. మాట చక్కగా వినబడుచున్నది. ముఖము మాత్రము పటములో బొమ్మవలె నిలిచిపోయి, ఉన్నట్టుండి కుదుపుతో కదలుచున్నది. అంతకు రెండు రోజుల ముందే ఆ ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చుకొన్నాము. మార్చిన తరువాత ఒక్క నిమిషమైనను రికార్డు చేసి చూసుకొనలేదు. ఆ పొరపాటు మాదే.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, అనేక కుటుంబములు విండోస్ 11కు మారినవి. ఇటువంటి ఇబ్బంది మీకును ఎదురైతే, కొత్త కంప్యూటరు కొనుటకు తొందరపడకముందు ఈ నాలుగు మాటలు చదువుడి.

వీడియో అనగా సాధారణముగా సెకనుకు 30 చిత్రములు. ఒక్కొక్క చిత్రములో అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి 20,73,600 చుక్కలు ఉండును. ఒక్కొక్క చిత్రమును సిద్ధపరచి, కుదించి, డిస్కులో వ్రాయుటకు కంప్యూటరుకు సగటున దొరకు సమయము సెకనులో ముప్పయ్యవ వంతే. అంతలో పని తెమలకపోతే కొన్ని చిత్రములను వదలివేయును. అవే మనకు కుదుపులుగా కనబడును. శబ్దమును వ్రాయుట ఇంతకంటె ఎంతో తేలికైన పని గనుక మాట సాధారణముగా తెగదు.

పెద్ద అప్‌డేట్ తరువాత కంప్యూటరు తెరవెనుక చాలా పనులు పెట్టుకొనును. ఫైళ్ల పట్టికను మరల తయారుచేయును, వైరస్ తనిఖీ చేయును, మిగిలిన అప్‌డేట్లను దించుకొనును. గనుక మొదట దానిని కరెంటుకు తగిలించి, ఒక పూట అలాగే వదలివేయుడి. తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొనును. ప్రాసెసరును, డిస్కును ఏ ప్రోగ్రాము తినివేయుచున్నదో అక్కడ కనబడును.

మేము వాడునది ఓబీఎస్ స్టూడియో అను ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో 'స్టాట్స్' అను పట్టిక కలదు. రికార్డింగు నడుచుచుండగా దానిని చూస్తే, పని ఎక్కడ ఆగుచున్నదో తెలియును.

'రెండరింగ్ ల్యాగ్' వరుసలో అంకె పెరిగితే, చిత్రమును సిద్ధపరచు గ్రాఫిక్స్ భాగము అలసిపోవుచున్నదని అర్థము. డివైస్ మేనేజర్‌లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' క్రింద చూడుడి. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే మీ గ్రాఫిక్స్‌కు తగిన డ్రైవర్ లేదన్నమాట. కంప్యూటరు తయారుచేసినవారి వద్దనుండి దానిని తెచ్చి వేసుకొనవలెను.

'ఎన్‌కోడింగ్ ల్యాగ్' వరుసలో పెరిగితే, చిత్రమును కుదించు పని వెనుకబడుచున్నది. ఎన్‌కోడర్ స్థానములో 'ఎక్స్264' అని ఉంటే ఆ బరువంతా ప్రాసెసరు మీదనే పడును. ఇంటెల్‌వారి క్విక్ సింక్ గాని, ఎన్విడియావారి ఎన్‌వెంక్ గాని మీ యంత్రములో ఉంటే దానిని ఎంచుకొనుడి. పవర్ మోడ్‌ను 'బెస్ట్ పెర్ఫార్మెన్స్'కు మార్చుడి. అప్పటికిని చాలకపోతే 1080ని 720కి తగ్గించుడి.

'నెట్‌వర్క్' అను మూడవ వరుస ప్రత్యక్ష ప్రసారమునకు సంబంధించినది. కంప్యూటరులోనే రికార్డు చేయువారు దానిని పట్టించుకొననక్కరలేదు.

ఈ అంకెలు పెరగకుండానే వీడియో కుదుపుగా ఉంటే కెమెరా వైపు చూడుడి. వెలుతురు చాలనప్పుడు అనేక వెబ్ కెమెరాలు తమంతట తామే సెకనుకు తీయు చిత్రములను తగ్గించుకొనును. కిటికీ తెరచినను, ఒక దీపము జరిపినను సరిపోవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి. ఒక్కసారికి ఒక్కటే మార్చుడి. ఒక నిమిషము రికార్డు చేసి చూచి, తరువాతనే ఇంకొకటి మార్చుడి. నాలుగు ఒకేసారి మార్చితే ఏది బాగుచేసినదో, ఏది చెడగొట్టినదో తెలియదు. ఏదియు కుదరకపోతే, విండోస్ 11కు మారిన తరువాత సాధారణముగా 10 రోజులలోపు పాత సిస్టమ్‌కు వెనుకకు పోవచ్చును. అందుకొరకు దాచియుంచిన 'విండోస్.ఓల్డ్' అను ఫోల్డరు డిస్కులో చాలా చోటు ఆక్రమించును. అయినను ఆ గడువులోపల దానిని తొందరపడి చెరపకుడి.

మా విషయములో రెండవ వరుసయే తప్పు చూపినది. ప్రాసెసరు తెరవెనుక పనులతో సతమతమగుచుండగా, కుదించు పనిని కూడ మేము దాని నెత్తిననే పెట్టియున్నాము. క్విక్ సింక్‌కు మార్చిన తరువాత ఆ అంకె సున్నా దగ్గర నిలిచినది.

మూడు వారముల తరువాత పెద్దమ్మగారిని మరల కూర్చోబెట్టాము. "మొన్న చెప్పానుగా నాయనా, మళ్ళీ ఎందుకు?" అన్నారు. అయినను చెప్పారు. ఈసారి ముఖములో ప్రతి ముడుత, ప్రతి నవ్వు చక్కగా పడినది. పెండ్లి ముచ్చట మరల చెప్పారు. బిడ్డ మాట మాత్రము ఎత్తలేదు. మేమును అడుగలేదు.

ఆ మొదటి వీడియోను మేము చెరపలేదు. బొమ్మ కుదిపినను ఆమె మాట అందులో ఉన్నది. అయితే ఆ మాట చెప్పునప్పటి ఆమె ముఖము మనుమలు ఇక చూడలేరు.

కాబట్టి మీ ఇంట పెద్దల మాటగాని, పెండ్లిగాని రికార్డు చేయదలచినప్పుడు, ఆ వారము అప్‌డేట్ జోలికి పోకుడి. విండోస్‌లో దానిని తాత్కాలికముగా ఆపియుంచు వీలున్నది. ముందు రోజు అదే గదిలో, అదే వెలుతురులో ఐదు నిమిషములు తీసి, కడవరకు చూడుడి. కంప్యూటరును ఎప్పుడైనను బాగుచేసుకొనవచ్చును. ఆ గడియ మరల రాదు.