వెన్ చిత్రాలు: తెలుగు వాక్యంలో ‘అందరూ’, ‘కొందరు’

పోటీ పరీక్షల తార్కిక విభాగంలో రెండు ప్రకటనలిచ్చి, వాటి నుండి ఏ నిర్ధారణ తప్పక వస్తుందో అడగడం పరిపాటి. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని రుద్రారాన్ని దృష్టిలో ఉంచుకొని ఒక ఉదాహరణను ఊహించవచ్చు. “వెల్డర్లందరూ కార్మికులు. కార్మికులలో కొందరు వలస వచ్చినవారు. కనుక వెల్డర్లలో కొందరు వలస వచ్చినవారు.” ఆ ప్రాంతాన్ని ఎరిగినవారు ఈ నిర్ధారణను వెంటనే ఒప్పుకుంటారు. వాస్తవంలో అది నిజమే కావచ్చు. ఈ రెండు ప్రకటనల నుండి మాత్రం రాదు.

ఆంగ్ల తార్కికుడు జాన్ వెన్ 1880లో ప్రతిపాదించిన పద్ధతి దీనిని కంటికి చూపుతుంది. పరస్పరం ఖండించుకొనే మూడు వృత్తాలు గీయాలి. సార్వత్రిక ప్రకటనను ముందు నమోదు చేయాలి. వెల్డర్ల వృత్తంలో కార్మికుల వృత్తానికి వెలుపల మిగిలిన భాగాన్ని గీతలతో నింపితే, అక్కడ ఎవరూ లేరని అర్థం. తరువాత కార్మికులు, వలస వచ్చినవారు కలిసే భాగంలో గుణకారపు గుర్తు పెట్టాలి. ఆ భాగాన్ని వెల్డర్ల వృత్తరేఖ రెండుగా చీలుస్తుంది. గుర్తు ఏ వైపు ఉండాలో ప్రకటనలు చెప్పవు కనుక దానిని రేఖపైనే ఉంచాలి. నిర్ధారణ నిలవాలంటే గుర్తు రేఖకు లోపల ఉండి తీరాలి. రెండవ ప్రకటన “కార్మికులలో ఏ ఒక్కరూ వలస వచ్చినవారు కారు” అని ఉంటే, ఆ ఉమ్మడి భాగమంతా గీతలతో నిండి, “వెల్డర్లలో ఏ ఒక్కరూ వలస వచ్చినవారు కారు” అన్నది సిద్ధిస్తుంది.

తెలుగు మాధ్యమ అభ్యర్థికి అసలు చిక్కు వృత్తాల కంటే ముందే, వాక్యంలోనే ఎదురవుతుంది. “కార్మికులందరూ రాలేదు” అన్నప్పుడు ఒక్కరూ రాలేదనా, కొందరే వచ్చారనా? మొదటి అర్థానికి కార్మికులు, వచ్చినవారు కలిసే భాగాన్ని గీతలతో నింపాలి. రెండవ అర్థానికి, వచ్చినవారి వృత్తం వెలుపల ఉన్న కార్మికుల భాగంలో గుర్తు పెట్టాలి. వాడుకలో ఊనిక, సందర్భం ఈ సందేహాన్ని తీరుస్తాయి. ప్రశ్నపత్రంలో ఆ రెండూ ఉండవు. అనువాదకులు “ఏ ఒక్కరూ రాలేదు” లేదా “కొందరు రాలేదు” అని విడమరచి రాయడం న్యాయం. ‘కొందరు’ అనే పదమూ ఇటువంటిదే. “కొందరు వచ్చారు” అంటే మిగిలినవారు రాలేదని వినేవారు తీసుకుంటారు. తర్కంలో దానికి “కనీసం ఒక్కరు” అనే అర్థం; అందరూ వచ్చినా ఆ వాక్యం సత్యమే.

మరొక భేదం కూడా గమనార్హం. వెన్ పద్ధతిలో “వెల్డర్లందరూ కార్మికులు” అన్నంత మాత్రాన వెల్డర్లు ఉన్నారని కాదు. వృత్తం ఖాళీగా ఉండవచ్చు. పోటీ పరీక్షలు సాధారణంగా ఆ వర్గంలో ఎవరో ఒకరు ఉన్నారనే భావించి, దాని నుండి “కార్మికులలో కొందరు వెల్డర్లు” అనే నిర్ధారణను అంగీకరిస్తాయి. భారతీయ న్యాయశాస్త్రం ఈ విషయంలో పరీక్షలకే దగ్గర. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వివరించిన పంచావయవ వాక్యంలో ఉదాహరణ ఒక అవయవం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని చెప్పి ఊరుకోక, వంటశాలను చూపాలి.