కల్లు రుచి చూడటం ఎలా? చెట్టు కల్లుకీ మందు కల్లుకీ తేడా ఎక్కడ తెలుస్తుంది?

బాన్సువాడ నుంచి మాట్లాడుతున్నా. ఫోన్ తీస్తే చాలు, టెకీలా ఎట్లా తాగాలి, ఉప్పు ముందా నిమ్మకాయ ముందా అని రీల్సే రీల్స్. మన పొలం గట్టు మీదున్న ఈత చెట్టు కల్లు ఎట్లా రుచి చూడాలో చెప్పే వీడియో మాత్రం దొరకదు. ఈ ఎపిసోడ్ దాని మీదే.

ముందే ఒక మాట. తెలంగాణలో తాగడానికి చట్టం పెట్టిన వయసు 21. అంతకంటే చిన్నవాళ్ళు కూడా వినండి. మీ ఇంట్లో తాగే నాన్న, తాత, మేనమామ ఉంటే ఇది మీకే ఎక్కువ పనికొస్తుంది.

టెకీలా ముచ్చటతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అక్కడ ఒక మంచి పాయింట్ ఉంది. టెకీలాను మెక్సికోలో నీలి అగావే అనే మొక్క నుంచి తీస్తారు. మన దగ్గర కనిపించే కిత్తనార ఆ జాతిదే. బ్లాంకో అంటే చెక్క పీపాల్లో నెలల తరబడి నిల్వ పెట్టని తెల్ల టెకీలా. రంగు, పీపా వాసన ఏమీ ఉండవు కాబట్టి మొక్క రుచి నేరుగా నాలుకకు తగులుతుంది. అక్కడి రూల్ ప్రకారం కొన్ని రకాల టెకీలాలో 49 శాతం వరకు వేరే చక్కెర వాడొచ్చు. మొత్తం అగావేతోనే చేస్తే సీసా మీద ఆ సంగతి రాస్తారు. అంటే కొనేవాడు లేబుల్ చదివి తెలుసుకోవచ్చు.

మన కల్లుకు లేబుల్ లేదు. కాబట్టి మూడు విషయాలే దానికి లేబుల్: ఏ చెట్టు, ఎప్పుడు దించారు, ఎవరు దించారు.

మొదటిది చెట్టు. ఈత చెట్టుకు పైన మట్టల కింద కాండాన్ని చెక్కి గీస్తారు. ఈ కల్లు ఎక్కువగా చలికాలంలో వస్తుంది, పల్చగా, తేటగా, తియ్యగా ఉంటుంది. తాటి చెట్టుకైతే గెలను గీస్తారు. తాటి కల్లు ఎండాకాలం దాకా నడుస్తుంది. ఇది కొంచెం చిక్కగా, వాసన గట్టిగా ఉంటుంది. సీజన్ లేని రోజుల్లో కూడా ఎంతంటే అంత ఈత కల్లు దొరుకుతుందంటే, ఇన్ని చెట్లు ఎక్కడున్నాయని అడగాల్సిందే.

రెండోది టైం. చెట్టు నుంచి కారేటప్పుడు అది ఒట్టి తియ్యటి రసమే. లొట్టి లోపల సున్నం పూసి, చల్లగా ఉంచితే పులవకుండా ఆగుతుంది, అదే నీరా. సున్నం లేని లొట్టిలో, గాలిలో ఉండే ఈస్ట్, బ్యాక్టీరియా రసంలో చేరి పని మొదలుపెడతాయి. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్, గ్యాస్ ఇస్తుంది. బ్యాక్టీరియా పులుపు ఇస్తుంది. ఈ పని చెట్టు మీదుండగానే మొదలై, దించాక కూడా ఆగదు. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లబడుతుంది, ఇంకా ఉంచితే వెనిగర్ అయిపోతుంది. బాగా పులిసిన కల్లులో ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతం, అంటే దగ్గర దగ్గర బీరంత.

ఇప్పుడు రుచి చూద్దాం. పొద్దున దించిన కల్లు గాజు గ్లాసులో పోయండి. రేకలో తాగితే ఆ మజా వేరే, కానీ చూడటానికి గాజు మంచిది. రంగు పాలల్లో నీళ్ళు కలిపినట్టు ఉండాలి. నురుగు కింద నుంచి సన్నటి బుడగలతో వస్తూనే ఉండాలి. వాసన చూస్తే పులిసిన పిండి వాసన, దాని వెనక పండు వాసన తెలుస్తాయి. చిన్న గుక్క తీసుకుని వెంటనే మింగకండి. ముందు తీపి, తర్వాత నాలుక మీద చురుక్కుమనే గ్యాస్, చివర్లో లేత పులుపు. మింగాక తీపి తొందరగా పోవాలి.

తీపి పోకుండా నాలుకకు అంటుకుని, చివర్లో చేదు తగిలితే అనుమానపడండి. నీళ్ళు కలిపిన కల్లుకు తీపి కోసం సాక్రిన్ వేస్తారు, ఆ చేదు దానిదే. దీనికి నేను చెప్పే సింపుల్ టెస్ట్ ఒకటి ఉంది. ఒక గ్లాసు పక్కన పెట్టి, వదులుగా మూత వేసి సాయంత్రం చూడండి. గట్టి మూత వద్దు, గ్యాస్‌కు సీసా పగలొచ్చు. చెట్టు చక్కెరను ఈస్ట్ తినేస్తుంది కాబట్టి తీపి తగ్గి పులుపు పెరగాలి. సాక్రిన్‌ను ఈస్ట్ తినలేదు. రాత్రికి కూడా అదే తీపి ఉంటే, అది చెట్టు తీపి కాదు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. కానీ అసలు ప్రమాదం నాలుకకు తెలియదు. మందు కల్లులో కలిపేది ఆల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. ఆల్ప్రజోలం లెక్క చూడండి. డాక్టర్లు ఆందోళనకు రాసే టాబ్లెట్ 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములు. అంటే ఒక్క గ్రాము పొడిలో 0.5 టాబ్లెట్లు 2000 ఉన్నట్టు. దాన్ని డ్రమ్ములో వేసి కర్రతో తిప్పితే అన్ని సీసాల్లోకి సమానంగా వెళ్తుందా? ఒక సీసాలో ఏమీ ఉండదు, పక్క సీసాలో పది మందికి సరిపడా ఉండొచ్చు. నిన్న తాగితే ఏం కాలేదు అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. 2025 ఏప్రిల్‌లో మన పక్కనే నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది పడిపోయారు, చాలామందిని బాన్సువాడ ఆసుపత్రికే తెచ్చారు. అదే ఏడాది జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్లు కాంపౌండ్లలో తాగినవాళ్ళలో కొందరు చనిపోయారు. అక్కడి శాంపిల్స్‌లో ఆల్ప్రజోలం బయటపడింది.

అందుకే మూడో లేబుల్ అన్నిటికంటే ముఖ్యం: ఎవరు దించారు. మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కే గౌడన్న మీకు తెలిసుండాలి. చెట్టు చూపించమని అడగండి, నిజంగా గీసేవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. పొద్దున్నే చెట్టు కిందకే వెళ్ళి తీసుకుంటే ఇంకా మంచిది. కల్తీ వల్ల ప్రాణం పోయేది తాగేవాడిది, పేరు పోయేది ప్రాణం పణంగా పెట్టి చెట్టెక్కేవాడిది.

తాగాక కూడా గమనించండి. ఒక సీసా కల్లుకు బీరంత కిక్కే రావాలి. ఒక్క సీసాకే మాట ముద్దగా రావడం, కాళ్ళు తేలిపోవడం, లేపినా లేవని నిద్ర వస్తున్నాయంటే అది కల్లు మత్తు కాదు. పడుకుంటే దిగిపోతుందిలే అని వదిలేయకండి. ఊపిరి ఆడుతుందో లేదో చూసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి కాల్ చేయండి. మిగిలిన కల్లు సీసా పారబోయకుండా డాక్టర్‌కు చూపించండి.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. ఏళ్ళ తరబడి మందు కల్లు తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, పిచ్చిగా ప్రవర్తించడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సప్లై ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు ఇలాంటి వాళ్ళతోనే నిండాయి. తాతకు దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించకండి. మందు ఆగినందుకు శరీరం చేసే గోల అది, డాక్టర్ దగ్గర మెల్లగా తగ్గించాలి. 14446కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు, డబ్బులు పడవు.

మంచి చెట్టు కల్లు చవకైనది, చెట్టు నుంచి గ్లాసులోకి రావడానికి ఫ్యాక్టరీ అవసరం లేనిది. దాని అసలు రుచి ఒక్కసారి నాలుకకు తెలిస్తే, డ్రమ్ములో కలిపిన దాన్ని మీరే పక్కకు పెడతారు. రుచి బాగుంది కదా అని మాత్రం నమ్మేయకండి, చెట్టు చూడండి, మనిషిని చూడండి. తాగి బండి నడపకండి. ఈ వీడియో మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఉంటా మరి.