ఇగ్బోల భూదేవత: నమ్మకం వెనుక సమాజం

చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958) చదివినవారిలో కొందరు అందులోని భూదేవతను మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. మరికొందరు ఆదిమ పర్యావరణవాదమని నెత్తిన పెట్టుకుంటారు. ఈ రెండు దృష్టులూ అసంపూర్ణమైనవని నా అభిప్రాయం.

ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బోలకు భూదేవత ‘అల’; కొన్ని చోట్ల ‘అని’. ఆమె పంటనిచ్చే తల్లి, చనిపోయినవారిని కడుపులో దాచుకునే తల్లి, మంచిచెడ్డలకు న్యాయాధికారి కూడా. నవలలో పెండలం నాట్లకు ముందు వచ్చే శాంతివారంలో ఒకోంక్వో భార్యను కొడతాడు. భూదేవత పూజారి అతనికి జరిమానా విధిస్తాడు. ఒక్కడి అపచారం వల్ల ఊరందరి పంటా పోతుందన్న భయమే ఆ శిక్షకు మూలం.

ఈ భయానికి భౌతికమైన పునాది ఉంది. సాగుభూమి ప్రధానంగా వంశాల ఉమ్మడి హక్కు. కొన్నేళ్లు పండించి, నేల సారం కోలుకునేదాకా బీడు పెట్టడం వారి సేద్య పద్ధతి. దేవతల పేర విడిచిన వనాల్లో గొడ్డలి పెట్టకూడదు. ఇడెమిలి ప్రాంతంలో కొండచిలువను, అగులు సరస్సులో మొసలిని చంపకూడదు. అనేక ఇగ్బో గ్రామాలకు రాజు లేడు, పోలీసు లేడు. ఉమ్మడి వనరును కాపాడే చట్టం అక్కడ దైవం నోట మాట్లాడింది.

అయితే అదే దైవం పేర కవల శిశువులను అడవిలో వదిలేశారు. దేవతలకు అంకితమైన ‘ఓసు’లను తరతరాలుగా వెలివేశారు. 1956లో తూర్పు ప్రాంత ప్రభుత్వం చట్టం ద్వారా ఆ ఆచారాన్ని రద్దు చేసినా, పెళ్లి సంబంధాల దగ్గర ఆ వివక్ష నేటికీ తలెత్తుతూనే ఉంది. దీన్ని దాచి వనాన్ని మాత్రమే కీర్తించడం విమర్శ కాదు, భజన.

వలసపాలన, మిషనరీల మతం, పామాయిల్ వ్యాపారం ఈ వ్యవస్థను కదిలించాయి. 1978 భూవినియోగ చట్టం రాష్ట్రంలోని భూమిపై అధికారాన్ని గవర్నరు చేతిలో పెట్టింది. నేడు అగులు-నంక ప్రాంతంలో నేల కోసుకుపోయి లోయలు ఏర్పడ్డాయి. వదులైన ఇసుకనేల, భారీ వర్షాలు అందుకు మూలమైనా, చెట్ల నరికివేత, సరైన మురుగుకాలువలు లేని రోడ్లు కోతను పెంచాయి. ఆ గండ్లను పూజలు పూడ్చలేవు.

ఆ సంప్రదాయం నుంచి మనం తీసుకోవలసింది దైవభయాన్ని కాదు. భూమి విషయంలో ప్రతి మనిషీ ఊరికి జవాబుదారీ అన్న సూత్రాన్ని. ఆ ‘ఊరు’లో ఓసుకు చోటుందా అన్న ప్రశ్నను కూడా మరవకుండా తీసుకోవాలి.