సీవీ రాయడం కూడా చదువులో భాగమే



మీ విరాళాల వల్ల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో బీడీలు చుట్టే ఇళ్ల పిల్లలు, మరమగ్గాల ఇళ్ల పిల్లలు డిగ్రీ దాటి పీజీ దాకా వస్తున్నారు. అయితే ఆ తర్వాతి గుమ్మం దగ్గర చాలామంది ఆగిపోవడం ఉపాధ్యాయులుగా మేము చూస్తున్నాం. అక్కడ అడిగే మొదటి కాగితం సీవీ.

ఆ మధ్య కోరుట్ల నుంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన ఒక అమ్మాయి పీహెచ్‌డీ దరఖాస్తు తెచ్చి చూపించింది. నాలుగు పేజీలు. మొదటి పేజీ నిండా తండ్రి పేరు, ఆయన వృత్తి, మతం, అభిరుచులు. ఆరు నెలలు ల్యాబ్‌లో నిలబడి చేసిన ప్రాజెక్టుకు మూడో పేజీలో ఒక్క వాక్యం. అది పెళ్లి సంబంధానికి పంపే బయోడేటా తీరు. దరఖాస్తుల కట్ట ముందేసుకొని కూర్చున్నవారు మూడో పేజీ దాకా వెళ్తారా?

అకడమిక్ సీవీలో అడిగేది చదువు, పరిశోధన, బోధన. పీజీ విద్యార్థికి రెండు పేజీలు చాలు.

ముందు పేరు. మన పిల్లలకు ఇదే పెద్ద చిక్కు. టెన్త్ మెమోలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మొహమ్మద్’, డిగ్రీలో ‘మహ్మద్’ అని ఉంటుంది. విదేశాల్లో ఎండీ అంటే డాక్టరు పట్టా అనుకుంటారు. అందుకే బడిలో చేర్చేటప్పుడే పూర్తి పేరు రాయించాలి. పెద్దయినవారు టెన్త్ మెమో ప్రకారం మిగతా కాగితాలు సరిచేయించుకొని, సీవీలోనూ అదే రాయాలి.

తర్వాత చదువు. తాజాది పైన, పాతది కింద. 2008లో ఏర్పడిన శాతవాహన యూనివర్సిటీ మనకు తెలుసు, జర్మనీలో చదివేవారికి తెలియదు. పక్కనే ‘కరీంనగర్, తెలంగాణ, భారత్’ అని రాయాలి. సీజీపీఏ ఉంటే ‘10కి 8.2’ అన్నట్టు రాయాలి, ఎందుకంటే జర్మనీలో 1 వస్తేనే గొప్ప మార్కు.

ఆ వెంటనే ప్రాజెక్టు. ఏం చేశారు, ఏ పద్ధతిలో చేశారు, అందులో తన వంతు ఎంత, ఏం తేలింది అన్నది మూడు నాలుగు వాక్యాల్లో చెప్పాలి. అచ్చయిన వ్యాసాన్నీ, పరిశీలనలో ఉన్నదాన్నీ విడివిడిగా చూపాలి. లేనిది రాయకూడదు, ఉన్నది దాచకూడదు. సాయంత్రాలు వాడలో ట్యూషన్ చెప్పడం కూడా బోధనే. ఉర్దూ, తెలుగు, హిందీ, ఇంగ్లీషు రావడం బలమే. చివర ఇద్దరు అధ్యాపకుల పేర్లు, వారి అనుమతితో.

తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు విదేశీ చదువు కోసం 20 లక్షల రూపాయల వరకు సాయం చేసే పథకం నడుపుతోంది. కానీ ముందు అక్కడి యూనివర్సిటీలో సీటు రావాలి. ఆ సీటుకు సీవీ కావాలి.

ఆ అమ్మాయి ప్రాజెక్టును మొదటి పేజీకి తెచ్చాం, మతం, అభిరుచులు తీసేశాం. ఈసారి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది.

దాతల్లో లెక్చరర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్నారు. మీ విరాళంతో పాటు ఏడాదికి ఒక్క సాయంత్రం ఇవ్వండి. ఒక విద్యార్థి సీవీ చదివి, అర్థం కానిచోట గీత గీసి పంపండి. మిగతాది మేము కూర్చోబెట్టి రాయిస్తాం.