కనీస వేతనము

ఇచ్చువాడును పుచ్చుకొనువాడును కూలి విషయమున ఒప్పుకొన్న పిమ్మట నడుమ ప్రభుత్వమునకేమి పని? కనీస వేతనమును పెంచవలెనను మాట వచ్చినపుడెల్ల ఈ ప్రశ్న తలయెత్తుచుండును.

మన దేశమున కనీస వేతనముల చట్టము 1948లో అమలులోనికి వచ్చెను. కొలదికాలమునకే దానికి పరీక్ష యెదురయ్యెను. నాటి అజ్మీరు రాష్ట్రమున వస్త్ర పరిశ్రమ కార్మికులకు ప్రభుత్వము నెలకు 56 రూపాయలు కనీస వేతనముగా నిర్ణయింపగా, బిజయ్ కాటన్ మిల్లు యాజమాన్యము అంత యీయజాలమని సుప్రీంకోర్టుకు వెళ్లెను. విచిత్రమేమనగా, అంతకంటె తక్కువకే పనిచేయుదుమని ఆ మిల్లు కార్మికులలో పెక్కుమంది పలికిరి. అయినను 1954లో న్యాయస్థానము చట్టమునే సమర్థించెను. పేదరికముచేతను నిస్సహాయతచేతను మనుజుడు తక్కువ కూలికి తలయొగ్గుట నిజమైన స్వేచ్ఛ కాదు. ఆకలిగొన్నవాడొకడు తక్కువకు ఒప్పుకొన్నచో, ప్రక్కవాడును ఒప్పుకొనక తప్పదు.

పెంపును వ్యతిరేకించువారి వాదమును విననిదే త్రోసివేయరాదు. వేతనము పెరిగినచో చిన్న యజమాని పనివారిని తగ్గించుననియు, సరకుల ధరలు పెంచుననియు వారందురు. హద్దుమీరిన పెంపువలన అట్టి కీడు కలుగవచ్చును. కాని ధరలు పెరుగుచుండగా వేతనము కదలకున్నచో, చేతికి వచ్చు రూపాయలు తగ్గకున్నను కంచములోని యన్నము తగ్గును. కావున పెంపు అనబడునది తరచు పోయినదానిని పూడ్చుట మాత్రమే. అందుచేతనే వేతనములను సాధారణముగా ఐదేండ్లకు మించకుండ పునఃపరిశీలింపవలెనని 1948 నాటి చట్టమును, దాని స్థానమున 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల స్మృతియు చెప్పినవి.

మరి యెంత యుండవలెను? 1957లో భారత కార్మిక సదస్సు ఒక కొలమానమునిచ్చెను. కార్మికుని సంపాదన ముగ్గురు పెద్దలకు సమానమైన కుటుంబమును పోషింపవలెను. పెద్ద యొక్కరికి దినమునకు 2,700 కేలరీల ఆహారము, కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె లెక్కింపవలెను. వంటచెరకు, దీపము మున్నగువానికి మొత్తములో నూటికి 20 వంతులుండవలెను. 1991లో సుప్రీంకోర్టు బిడ్డల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యము మున్నగువానికై నూటికి 25 వంతులు చేర్చవలెనని తీర్పు చెప్పెను. అనగా పలకయు పుస్తకమును కూడ కూలి లెక్కలోనివే.

పెక్కు పనులకు ఈ వేతనములను రాష్ట్ర ప్రభుత్వములే ప్రకటించును. కావున సరిహద్దునకు ఈవల నొక రేటు, ఆవల నొక రేటు ఉండవచ్చును. పనిచేయు తావున ఉన్న రేటే వర్తించును. ఆ ప్రకటనలు తరచు రాష్ట్ర భాషలో వెలువడును. తెలుగుతోపాటు ఆ భాషను కూడ నేర్చిన విద్యార్థులు వానిని ఇంట చదివి, పెద్దలకు తెలియజెప్పుదురు గాక!