వెనుక వంటగది వేసే ముందు గాలి లెక్క

పిల్లలు ఎదిగారు, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు వచ్చి ఇంట్లోనే ఉంటున్నారు. ఉన్న వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. పెరట్లో పది అడుగుల ఖాళీ కనిపిస్తోంది. వెనుక గోడకు ఆనించి కొత్త వంటగది వేసి, పాతదాన్ని భోజనాల గది చేద్దామన్న ఆలోచన మన పట్టణాల్లో చాలా ఇళ్లలో ఏదో ఒకనాడు వస్తుంది. మేస్త్రీ వస్తాడు, కొలతలు తీస్తాడు. మాట ఖర్చు మీదికీ, గ్రానైట్ రంగు మీదికీ మళ్లుతుంది. ఆ వెనుక గోడలోని కిటికీ, తలుపు ఇన్నాళ్లూ ఇంటికి ఏం చేస్తున్నాయో అడిగేవారు తక్కువ.

ఇరుపక్కలా పొరుగిళ్ల గోడలు దగ్గరగా ఉండే వరుస ఇళ్లలో గాలికి మిగిలే దారులు రెండే: ముందు, వెనుక. ఇంట్లోకి కొత్త గాలి రావాలంటే ఉన్న గాలి మరో వైపు నుంచి పోవాలి. ఒక్క వైపే కిటికీ ఉన్న గదిలో ఆ కిటికీ ఎంత పెద్దదైనా గాలి లోపలిదాకా ఆడదు. వెనుక స్థలం మొత్తం కప్పేసి వంటగది కడితే మధ్య గది కిటికీ ఇకపై వంటగదిలోకి తెరుచుకుంటుంది. వంటలో పుట్టేదంతా ఆ గదిలోకి వస్తుంది.

వంటలో పుట్టేది ఎంతో ఒకసారి చూడాలి. ఎల్‌పీజీలో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. కిలో గ్యాస్ పూర్తిగా మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి, 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. కాల్చింది ఒక కిలో, వచ్చింది నాలుగున్నర కిలోలు! గది గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలవడమే ఇందుకు కారణం. ఈ లెక్కన 14.2 కిలోల బండ ఒకటి అయ్యేసరికి ఒక్క మంట నుంచే 22 లీటర్లకు పైగా నీరు ఆవిరిగా గాలిలో చేరుతుంది. అన్నం, పప్పు ఉడికినప్పుడు లేచే ఆవిరి దీనికి అదనం. గోడ మూలల్లో బూజు ఊరికే పట్టదు.

వేడి సంగతీ అంతే. కిలో ఎల్‌పీజీ నుంచి సుమారు 46 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. నెలకో బండ వాడే ఇంట్లో ఇది రోజుకు సగటున 6 యూనిట్ల కరెంటుకు సమానం. వెయ్యి వాట్ల హీటరును రోజూ ఆరు గంటలు వేసి ఉంచినట్టు.

గ్యాస్ పొయ్యికి పొగ ఉండదన్న మాట సగమే నిజం. కట్టెల పొయ్యితో పోలిస్తే ఎంతో మేలే. కానీ పోపు వేసినప్పుడు, వేపుడు చేసినప్పుడు కాగిన నూనె నుంచి కంటికి కనిపించని సన్నని కణాలు లేస్తాయి. మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు ఏర్పడతాయి. పీఎం 2.5 కణాలు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. గాలి ఆడని వంటగదిలో ఒక్క వేపుడుతోనే కణాలు ఆ అంకెకు ఎన్నో రెట్లు పైకి వెళ్లగలవు. అది కాసేపే అయినా, రోజూ వండే మనిషి ఆ కాసేపూ అక్కడే ఉంటుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. తూర్పు ముఖం ఇల్లంటే అందరికీ ఇష్టం. అలాంటి ఇంటికి వెనుక అంటే పడమర. హైదరాబాద్‌లో వానకాలమంతా గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. అంటే పడమటి వంటగదిలోని ఆవిరి, వాసన బయటికి పోకుండా ముందు గదుల వైపే నడుస్తాయి. వేసవి సాయంత్రం వాలుగా పడే ఎండా ఆ గోడకే. పైకప్పు మాటకొస్తే, మే 9 ప్రాంతంలోనూ మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పగలు ఆ వేడిని తాగిన శ్లాబు కొన్ని గంటల తర్వాత, సరిగ్గా రాత్రి వంట వేళకు, కిందికి వదులుతుంది. పైన తెల్లటి పూత వేస్తే ఖర్చు తక్కువ, ఫలితం బాగుంటుంది.

ఇన్ని చిక్కులకూ ఒక మంచి విరుగుడు ఉంది: వెనుక వెడల్పు మొత్తం కప్పకపోవడం. పన్నెండు అడుగులుంటే ఎనిమిదడుగులే కట్టి, మధ్య గది కిటికీ ఎదుట నాలుగడుగులు ఆకాశానికి వదిలేయాలి. ఎనిమిది, పది అడుగుల గదంటే దాదాపు 7.4 చదరపు మీటర్లు. జాతీయ భవన నియమావళి వంటగదికి అడిగే కనీస విస్తీర్ణం 5 చదరపు మీటర్లే కాబట్టి లోటేమీ లేదు. బయటి గాలికి తెరుచుకునే కిటికీ కనీసం ఒక చదరపు మీటరు ఉండాలని కూడా అదే నియమావళి చెబుతుంది. వెనుక ఎంత ఖాళీ వదలాలన్నది మున్సిపాలిటీ నిబంధన. ముగ్గు పోయకముందే కనుక్కోవాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొయ్యికి దగ్గరగా, బయటి గోడకు ఎత్తున ఉండాలి. గాలి లోపలికి వచ్చే దారి మాత్రం దానికి ఎదుటి వైపున ఉండాలి. ఫ్యాన్ పక్కనే కిటికీ తెరిచి ఉంటే ఆ కిటికీ గాలినే లాగి మళ్లీ బయటికి విసురుతుంది. పొయ్యి మీది పొగ అలాగే ఉంటుంది. గొట్టం లేకుండా గాలిని వడకట్టి తిరిగి గదిలోకే వదిలే చిమ్నీలు నూనెను పట్టుకుంటాయి కానీ వేడినీ ఆవిరినీ బయటికి పంపలేవు.

గ్యాస్ లీకయితే లెక్క తిరగబడుతుంది. వేడి పొగ పైకి పోతే, మండని ఎల్‌పీజీ కిందికి దిగుతుంది. గాలి కంటే అది ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పెరడు పల్లంగా ఉంది కదా అని కొత్త వంటగది గచ్చును రెండు మెట్లు కిందికి దించడం మామూలే. అలాంటి గదిలో లీకైన గ్యాస్ తొట్టిలో నీళ్లలా నిలుస్తుంది. గాలిలో ఎల్‌పీజీ సుమారు 2 శాతం ఉంటే చాలు, మంట అంటుకుంటుంది. పైన చెప్పిన గది పది అడుగుల ఎత్తున ఉంటే, మొత్తం గాలి ఆ స్థాయికి చేరడానికి ఒక కిలో గ్యాస్ సరిపోతుంది. నేల దగ్గరే పేరుకుంటే అంత కూడా అక్కర్లేదు. అందుకే బయటి గోడలో గచ్చును ఆనుకుని జాలీ ఉన్న కన్నం ఒకటి తప్పనిసరి. వాసన వచ్చినప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకూడదు. స్విచ్చి నిప్పురవ్వే ముప్పు. తలుపులు తెరవాలి.

ఇక నేల కింది సంగతి. పాత పునాది ఇన్నేళ్లలో కుంగాల్సినంత కుంగి స్థిరపడింది. కొత్తది ఇప్పుడే మొదలుపెడుతుంది. రెండు గోడల ఇటుకలనూ పళ్లు కలిపినట్టు కలిపి కడితే మొదటి ఒకటి రెండేళ్లలోనే అతుకు దగ్గర పగులు రావచ్చు. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నల్లరేగడి నేలలో ఈ ముప్పు మరీ ఎక్కువ. రెంటి మధ్య అంగుళం సందు వదిలి, నొక్కితే అణిగే పదార్థంతో నింపి, వాన దిగకుండా పైన రేకు కప్పడం మంచిది. చాలామంది మేస్త్రీలు దీన్ని అనవసరమంటారు. వాళ్ల మాట వినకూడని చోటు ఇదొక్కటి.

పెరట్లో సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో కూడా వెతికి తీరాలి. దాని మీద గది వేస్తే మూత తీసి శుభ్రం చేసే దారి మూసుకుపోతుంది. లోపల పుట్టే మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ గచ్చు పగుళ్లలోంచి పైకి రావచ్చు. బండను బయట పెట్టి గొట్టం ద్వారా గ్యాస్ తెచ్చుకునేవారు దాన్ని ఆ మూతకూ, మురుగు కాలువకూ దూరంగా ఉంచాలి. లీకైన గ్యాస్ ముందు వెతుక్కునేది ఆ పల్లాన్నే.