సీరియల్ పోర్టు పలుకనప్పుడు

మౌనముగా ఉన్నవారందరు మూగవారు కారు. కొందరు ఎదుటివారు పలుకరింతురని వేచియుందురు; కొందరికి మన మాట చేరియే యుండదు. యూనిక్సు కంప్యూటరుకు తగిలించిన సీరియల్ పోర్టు జవాబీయనప్పుడును ఇట్లే విచారింపవలెను. పోర్టు చెడినదని పెట్టె విప్పుటకు ముందు, మాట ఎక్కడ ఆగినదో తెలిసికొనవలెను.

ఇంత పాత పోర్టుతో నేడేమి పని యని శ్రోతలు అడుగవచ్చును. నెట్‌వర్కు తెగిపోయిన నాడు పెద్ద కంప్యూటరులలోనికిని, నెట్‌వర్కు స్విచ్చులలోనికిని ప్రవేశించుటకు తరచుగా మిగులు దారి ఇది యొక్కటే. ప్రయోగశాలలలోని కొలత యంత్రములు, అంగళ్ళలోని తూనిక యంత్రములు అనేకము ఇప్పటికిని ఈ తీగ మీదనే తమ అంకెలను చెప్పుచున్నవి. తీగ మౌనము వహించిన రాత్రి నమోదు కావలసిన కొలతలు మరల రావు.

యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలగువారి కృషితో ఆరంభమైనది. ఆ కాలమున దానితో సంభాషించుటకు టెలిటైపు యంత్రములను వాడెడివారు. వానిలో 33వ మోడలు సెకనుకు 10 అక్షరములు మాత్రమే అచ్చువేసెడిది. టెలిటైపు అను పేరే కుదించుకొని టి.టి.వై. అయి, నేటికిని యూనిక్సులో పోర్టుల పేర్లలో నిలిచియున్నది. లైనక్సులో మొదటి సీరియల్ పోర్టు సాధారణముగా టి.టి.వై.ఎస్.0, యు.ఎస్.బి. అడాప్టరు ద్వారా వచ్చునది టి.టి.వై.యు.ఎస్.బి.0.

ఇక్కడనే మొదటి చిక్కు కలదు. యంత్రములో పోర్టు లేకున్నను లైనక్సులో ఆ పేరు కనబడవచ్చును. పేరున్న ఇంటిలో మనుష్యులుండవలెనని లేదు గదా! కంప్యూటరు మేల్కొనునప్పుడు వ్రాసికొను సందేశములను డి-మెసేజ్ అను ఆజ్ఞతో చదివి, నిజముగా ఏ పోర్టు దొరికినదో చూడవలెను.

రెండవది, అనుమతి. డెబియన్ వంటి లైనక్సులలో డయలవుట్ అను గుంపులో చేరనివారికి పోర్టు తెరచు హక్కు సాధారణముగా ఉండదు. మూడవది, పోర్టును మరియొకరు పట్టుకొనియుండుట. లాగిన్ కొరకు కాచియుండు గెట్టీ అను ప్రోగ్రాము అదే పోర్టు మీద ఉన్నచో, వచ్చిన అక్షరములను అదియే తీసికొనును. ఫ్యూజర్ అను ఆజ్ఞ అట్టివారి జాడ తెలుపును.

నాల్గవది మిక్కిలి తికమక పెట్టునది. పూర్వము మోడెములు వాడునప్పుడు, అవతల లైను కలిసినదను సంకేతము వచ్చువరకు పోర్టు తెరచుకొనక వేచియుండెడిది. ఆ అలవాటు నేటికిని పోలేదు. మూడు తీగలు మాత్రమే ఉన్న కేబులులో ఆ సంకేతము రానే రాదు, ప్రోగ్రాము నిలిచిపోవును. ఎస్.టి.టి.వై. ఆజ్ఞతో సి-లోకల్ అను గుణమును పెట్టినచో ఆ నిరీక్షణ తొలగును. పంపుటకు ఎదుటివారి అనుమతి కోరు ప్రవాహ నియంత్రణమును గూడ పరీక్షాకాలమున తీసివేయవలెను.

స్టూడియోలో పలికిన మాట శ్రోతకు చేరకున్నచో, మైకునుండి ట్రాన్స్‌మిటరు వరకు గల దారిని భాగములు చేసి, ఏ భాగమున శబ్దము పోయినదో మేము వెదకుదుము. ఇక్కడను అంతే. 9 పిన్నుల పోర్టులో 2వది వినునది, 3వది పలుకునది, 5వది గ్రౌండు. అవతలి యంత్రమును విడదీసి, 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపి, మినికామ్ వంటి ప్రోగ్రాములో అక్షరములు కొట్టవలెను. అవి తెరపై మరల కనబడినచో కంప్యూటరు పలుకుచున్నది, వినుచున్నది. అయితే తీగ తీసివేసిన పిదప అక్షరములు కనబడకుండ పోవలెను. లేనిచో అది ప్రోగ్రాము తనంత తాను చూపుచున్న ప్రతిధ్వని మాత్రమే.

ఇంతవరకు సరియైనచో దోషము వెలుపల ఉన్నది. రెండు కంప్యూటరులను కలుపునప్పుడు ఒకరి నోరు రెండవవారి చెవికి చేరవలెను. తిన్నని కేబులు నోటిని నోటికే కలుపును. అందులకే తీగలను అడ్డముగా మార్చిన నల్ మోడెమ్ కేబులు కావలెను. వోల్టుమీటరు ఉన్నవారు మరియొకటి చూడవచ్చును. ఆర్.ఎస్.232 పద్ధతిలో ఊరక ఉన్న లైను గ్రౌండుకంటె 3 నుండి 15 వోల్టుల వరకు ఋణముగా ఉండవలెను. పలుకు పిన్నుపై సున్న కనబడినచో ఆ వైపు పలుకుట లేదని అనుమానింపవలెను.

కడపటిది వేగము. రెండు వైపుల 9600 అయినచో 9600, 115200 అయినచో 115200 ఉండవలెను. ఇది కుదరనప్పుడు సాధారణముగా మౌనము గాక అర్థములేని అక్షరములు వచ్చును. స్టేషను సరిగా పట్టుబడని రేడియోలో గరగర వంటిది. ఆ గరగరను చూచి నిరాశపడనక్కరలేదు. తీగ మంచిదే, అవతల ఎవరో పలుకుచున్నారనుటకు అదియే సాక్ష్యము.

ఒక్కొక్కసారి ఒక్కొక్క మార్పు మాత్రమే చేసి, దానిని కాగితముపై వ్రాసికొనవలెను. నాలుగింటిని ఒకేసారి మార్చి పోర్టును పలికించినవారికి, మరునాడది మరల మౌనము వహించినప్పుడు ఎక్కడ మొదలిడవలెనో తెలియదు.